హెలెన్ వాళ్ళింటి నిప్పులో ఎండుమిరపకాయలు

దెయ్యాలంటే నాకు భయం లేదు, విసుగు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే మధ్యలోనే లేచి వంటింట్లోకి పోయే రకాన్ని. ఇప్పుడు నేనే చెబుతున్నాను. నమ్మమని మాత్రం ఎవరినీ బతిమాలను.

మేముండేది అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో. ఇండియా నుంచి వచ్చి మా దగ్గరున్న మామయ్య, అంటే మా ఆయన వాళ్ళ నాన్నగారు, కిందటేడు ఆకులు రాలే రోజుల్లో, సాయంత్రం నడకకు వెళ్ళారు. ఏదో కారు గుద్దేసి ఆగకుండా పోయింది. ఆస్పత్రికి చేర్చేలోపే ఆయన పోయారు. పోలీసులు వెతికారు గానీ ఆ కారు దొరకలేదు.

కర్మకాండలకని ఇండియా వెళ్ళిన అత్తయ్య మళ్ళీ వచ్చేశారు. ఆవిడకు కావలసింది ఒక్కటే, ఆ కారు నడిపినవాడెవడో తెలియడం. వీధిలో ఏ కారు పోతున్నా దాని ముందు భాగం కేసి తేరిపార చూసేవారు. వద్దని నేనెప్పుడూ అనలేదు. నేనూ చూసేదాన్ని.

పక్కింటి హెలెన్ వాళ్ళది ఇంగ్లండు. అక్టోబరు చివర వచ్చే దెయ్యాల పండుగ హాలోవీన్‌కి మా వీధిలో మిగతావాళ్ళలా గుమ్మడికాయ చెక్కరు. టర్నిప్ దుంప తొలిచి అందులో దీపం పెడతారు. పిల్లలకు ఊరికే చాక్లెట్లు ఇవ్వరు, పాటో జోకో చెప్పాల్సిందే. తొట్టి నీళ్ళలో యాపిల్స్ వేసి చేతులు కట్టుకుని నోటితో అందుకోమంటారు. ఈసారి మమ్మల్నీ పిలిచారు. వీధి చివర ఇంట్లో ఉండే గ్రెగ్ కూడా వచ్చాడు. మామయ్య పోయినప్పుడు పూలు తెచ్చి, ఆ కారు ఏ కెమెరాలోనైనా పడిందా అని మరీ మరీ అడిగిన పెద్దమనిషి.

చీకటి పడుతుండగా హెలెన్ పిల్లల్ని హాల్లో గోడలో ఉండే నిప్పుగూడు, అదే ఫైర్‌ప్లేస్ దగ్గర కూర్చోబెట్టింది. వాళ్ళ ఊళ్ళో ఆచారమట. ఒక్కొక్కరి పేరు చెప్పి ఒక్కో గింజ నిప్పులో వేస్తారు. నిదానంగా కాలితే మంచిది, పేలితే ఏదో చెరుపుంది. ఆవిడ చిన్నకూతురు రోజీ గింజ టప్పున పేలింది. అందరూ నవ్వారు.

అత్తయ్య నవ్వలేదు. ఆవిడకు ఇంగ్లిషు అంతంతమాత్రం. పిల్లకు దిష్టి తీస్తున్నారనుకున్నారు.

"మిరపకాయల్లేకుండా దిష్టేమిటే అమ్మాయ్, వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంటూ మా ఇంటికి వెళ్ళి గుప్పెడు ఎండుమిరపకాయలూ కళ్ళుప్పూ పట్టుకొచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది. హెలెన్ మాత్రం ముచ్చటపడి రోజీని ముందు నిలబెట్టింది.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..." అంటూ పిల్ల చుట్టూ తిప్పారు. ఆ తర్వాత దిష్టి మాటల్లో లేని మాట ఒకటి కలిపారు. "నా మనిషిని పొట్టన పెట్టుకున్నవాడి కళ్ళు పేలిపోను!" అని గుప్పిట నిప్పులో విదిలించారు.

తలుపులన్నీ మూసి ఉన్నాయి. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. మిరపకాయలు నల్లగా మాడాయి. ఘాటు లేదు. ఒక్కరూ తుమ్మలేదు. పొగకు కూసే అలారం కూడా కూయలేదు.

దగ్గింది గ్రెగ్ ఒక్కడే. నిప్పుకు అందరికంటే దూరంగా, సోఫా చివర ఉన్నాడు. కళ్ళు ఎర్రబడి ధారగా నీళ్ళు కారుతున్నాయి. ఊపిరాడక మెడ పట్టుకున్నాడు. అత్తయ్య పక్కనున్న నీళ్ళగ్లాసు కేసి చెయ్యి చాపాడు. ఆవిడ గ్లాసు మీద అరచెయ్యి మూసి అలాగే కూర్చున్నారు. నేనూ ఇవ్వలేదు. ఎందుకో అప్పటికి నాకే తెలియదు.

అప్పుడు, ఎవరూ ఏమీ అడగకుండానే, "ఐ థాట్ ఇట్ వాజ్ ఎ డీర్!" అని అరిచాడు. మళ్ళీ అదే మాట. మళ్ళీ అదే.

"ఏమంటున్నాడే?" అన్నారు అత్తయ్య.

"జింక అనుకున్నాడట అత్తయ్యా."

ఆవిడ గ్రెగ్ కేసి తిరిగారు. "జింకనైతే గుద్దేసి పోవచ్చా?"

పోలీసులకు హెలెనే ఫోన్ చేసింది. వాళ్ళ ముందు కూడా గ్రెగ్ అంతా ఒప్పుకున్నాడు. అతని మీద నాకు జాలి కలగలేదు. అబద్ధమెందుకు, కడుపు చల్లబడింది.

తప్పు చేశానన్న బెదురే అతన్ని దగ్గించిందని మా ఆయన అంటారు. కావచ్చు. కానీ అతనికి తెలుగు ముక్క రాదు, ఆవిడేమన్నారో అతనికెలా తెలుస్తుంది? మిగతావాళ్ళం ఎందుకు దగ్గలేదు? మర్నాడు అదే మిరపకాయల డబ్బాలోంచి నాలుగు కాయలు మా పొయ్యి మీద మాడ్చి చూశాను. అలారం మోగి, ఇంటిల్లిపాదీ దగ్గుతూ వీధిలోకి పరిగెత్తాం.

కేసు నడుస్తోంది. మొన్న పచ్చడికని ఆ డబ్బా తీయబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

"అవి ఉంచమ్మాయ్. కోర్టులో వాడు నేరం చెయ్యలేదని అన్నాడనుకో, అప్పుడు కావాలి."

నేను డబ్బాకు మూత పెట్టేశాను.