గుండీలు లేని చొక్కా

తాతయ్య దర్జీ. సూదిలోకి దారం ఎక్కించినంత సులువుగా ఆయన బుర్రలోకి మాట ఎక్కించడం ఎవరి తరమూ కాదు. నానమ్మ చేతులు పట్టు తప్పినప్పటి నుంచి ఆవిడ జాకెట్లకు హుక్కులు తీసేసి అంటుకునే పట్టీలు కుడుతున్నాడు. ఆవిడకు స్నానం చేయించి, తల దువ్వి, అన్నం కలిపి నోట్లో పెట్టి, ఆ తరువాతే కుట్టుమిషన్ ముందు కూర్చుంటాడు. ఆవిడ పిలిస్తే లేస్తాడు, కూర్చుంటాడు, మళ్ళీ లేస్తాడు. అలసిపోలేదా అని ఎవరైనా అడిగితే, వాళ్ళ కొలతలు తీసుకునేవాడిలా పైనుంచి కిందికి చూసి మళ్ళీ మిషన్ తొక్కుతాడు.

బడులు తెరిచే ముందు వచ్చే యూనిఫారాల పనే ఆయనకు ఏడాది పొడవునా ఆధారం. బట్టల కొట్టు యజమాని ఎప్పటిలాగే ముందు ఒక చొక్కా కుట్టి చూపించమన్నాడు. తాతయ్య కుట్టి, ఇస్త్రీ చేసి, తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు.

యజమాని మడత విప్పాడు. గుండీ లేదు, కాజా లేదు. మెడ నుంచి కిందిదాకా పట్టీ. లాగితే పర్రున ఊడింది.

అతను నవ్వబోయి ఆగాడు. ఇంట్లో ఎవరికి బాగోలేదని అడిగాడు. ఎవరికీ ఏమీ లేదు, మీ పిన్నికి చేతులు కాస్త మొరాయించాయంతే అన్నాడు తాతయ్య.

"మరి పిన్ని పనులన్నీ ఎవరు చూస్తున్నారు బాబాయ్?"

తాతయ్య వెనక్కి తిరిగి చూశాడు, ఆ చూసే మనిషెవరో తనతోపాటు కొట్లోకి వచ్చినట్టు.

"నేనే," అన్నాడు.

పొద్దుటి నుంచి రాత్రిదాకానా అంటే తలూపాడు. ఇంట్లో సాయానికి ఎవరినైనా చూసుకుని రమ్మన్నాడు యజమాని. ఈ వారమంతా గుడ్డ ఆపి ఉంచుతాననీ, ఆపైన వేరేవాళ్ళకు ఇవ్వక తప్పదనీ చెప్పాడు.

తాతయ్య ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. నానమ్మ గోడవైపు చూస్తూ వింది.

"నా పనులన్నీ చేసేది మీరేనని ఇన్నాళ్ళకు తెలిసిందన్నమాట," అంది. "నామీద విసుగొచ్చిందా?"

తాతయ్య లోపలెక్కడో వెతుక్కున్నాడు. విసుగు దొరకలేదు. బాధా దొరకలేదు. పొద్దున తను తిన్నాడో లేదో కూడా గుర్తురాలేదు.

"ఏమీ రావట్లేదే," అన్నాడు.

మాటకు మాట బాకీ పెట్టని మనిషి నానమ్మ. ఈసారి బాకీ పెట్టి, గోడవైపు నుంచి తల తిప్పి ఆయన్ని చూసింది.

"మన అమ్మాయికి ఫోను కలపండి, సాయానికి రమ్మంటాను," అంది. "మీరు మాత్రం మాట్లాడొద్దు. మీరు నోరు తెరిస్తే ఇద్దరం గుండ్రాళ్ళలా ఉన్నామంటారు. నా చెవి దగ్గర పట్టుకోండి, చాలు."

తాతయ్య పట్టుకున్నాడు.