సరిహద్దులో ఆగిన టమాటా లారీ

చేవెళ్ల నుంచి బంగ్లాదేశ్‌కు టమాటా పంపే వ్యాపారం నాది. ఒకసారి మొయినాబాద్‌లో టమాటా పండించే ఒక అవ్వ పంట మొత్తం లారీకి ఎక్కించాను. తెగులు లేదని ఇచ్చే పత్రం కొత్తది తీసుకోవడానికి బద్ధకించి, అంతకుముందు లోడుదే పెట్టాను. లారీని సరిహద్దులో ఆపేశారు.

"అన్నా, పత్రం పాతదంట. కాయ కారుతున్నది, జర జల్ది కొత్తది పంపు," అని డ్రైవర్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అది పంపేలోగా నాలుగు రోజులు గడిచాయి. సరుకంతా పారబోశారు.

అవ్వతో మాత్రం, "సరిహద్దుల గంతే అవ్వా, ఊకె ఆపుతరు," అన్నాను.

మొన్న చేవెళ్లలో సరిహద్దు జాప్యాల మీద సమావేశం జరిగింది. అవ్వ లేచి, "నా పంటంత ఆడనే మురిగింది. గీ సేటునే అడుగుండ్రి," అంది. అధికారి నావైపు చూశాడు. తలూపాను. ఆయన రాసుకున్నాడు.

బయటికొచ్చాక అవ్వ నా చేయి పట్టుకుంది. "మంచిగ సాక్ష్యం చెప్పినవ్ బిడ్డా."

అవ్వా, ఆ లారీని ఆపింది నా పాత పత్రమే.