హైప్... దగ్గర తెగిన ఫోను

2004, పసుపు సీజను. ఆర్మూర్ మార్కెట్ యార్డు పక్కనున్న చిన్న నర్సింగ్ హోంలో నేను స్టాఫ్ నర్సుని. ఆ రోజుల్లో మా బెడ్‌షీట్లు ఎంత ఉతికినా తెల్లబడేవి కావు.

చదువుకునేటప్పుడు నన్ను ఏడిపించిన మాటలు రెండు, హైపో, హైపర్. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. షుగర్ పేషెంట్‌కి హైపో అయితే గ్లూకోజ్, హైపర్ అయితే ఇన్సులిన్. హైపోలో ఇన్సులిన్ ఇచ్చామా, మనిషి దక్కదు. ఈ రెంటికీ ఒకేలా మొదలయ్యే పేర్లు పెట్టినవాళ్ళెవరో గానీ, వాటిని ఆర్మూర్ ఫోన్లలో ఎన్నడూ విని ఉండరు.

ఒక మధ్యాహ్నం నర్సయ్య తన భార్య గంగామణిని యార్డు నుంచి ఆటోలో తెచ్చాడు. పసుపు కూలికి వచ్చే మనిషి, షుగర్ ఉంది. ఒళ్ళంతా పసుపు దుమ్ము. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడడం లేదు. నా భుజం వెనక ఎవరినో చూస్తున్నాయి.

డాక్టరుగారు ఊళ్ళో లేరు. షుగర్ చూసే స్ట్రిప్పులు అయిపోయాయి. రక్తం తీసి ఊరి ఆ చివరనున్న ల్యాబుకు పంపాను. కాసేపటికి ల్యాబతను ఫోన్ చేశాడు.

"సిస్టర్, గామెకు హైప్..."

లైను తెగింది. మళ్ళీ కలవలేదు.

అప్పుడు గంగామణి మాట్లాడింది. ముసలి గొంతు.

"తక్కువున్నది బిడ్డా. మళ్ల జోకు."

నర్సయ్య గోడకు ఆనుకున్నాడు. "సిస్టర్, గిది మా అమ్మ గొంతు. కాంటా కాడ పసుపు తూకం జోకుతుంటే గిట్లనే అంటుండె. సచ్చి రెండేండ్లాయె."

 గంగామణి నుదుటి మీద చెయ్యి వేశాను. పసుపు దుమ్ము తడిసి ముద్దగా నా వేళ్ళకు అంటింది. షుగర్ పడిపోయినప్పుడు పట్టే చెమట అది. ఇన్సులిన్ సీసా పక్కకు నెట్టి, నరంలోకి గ్లూకోజ్ ఎక్కించాను.

కొంతసేపటికి ఆమె చూపు మా మీదికి వచ్చింది. నీళ్ళు అడిగింది. నర్సయ్య కళ్ళు తుడుచుకుంటూ, "ఏం తక్కువున్నదన్నవే?" అన్నాడు.

"నేనేమన్న? నాకు నోరే లేవలే." ఆమె నా వెనక్కి చూసింది. "అత్తమ్మ ఏడికి పోయింది? ఇప్పటిదాంక సిస్టర్ ఎనుకనే నిలవడ్డది గద."

చెమట చూసి గ్లూకోజ్ ఇచ్చాను, గొంతు విని కాదు. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకునేది అదే.

ఇప్పుడు ఫోనులో ఎవరు హైపో అన్నా, హైపర్ అన్నా ఊరుకోను. "ఎక్కువనా, తక్కువనా? తెలుగుల చెప్పు" అంటాను. కొత్త నర్సులకూ అదే నేర్పాను. తక్కువ అని జవాబొస్తే మాత్రం, గ్లూకోజ్ తీసే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను.