అంబవ్వ ఆగిన చోట

ఈ ఉదయం హెడ్‌ఫోన్ పెట్టుకోగానే అంబవ్వ గొంతు వినిపించింది. గొంతు ఆమెదే, మాట్లాడే తీరు మాత్రం ఆమెది కాదు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి లేదు, దగ్గు లేదు, చేటలో తునికాకు కదిలే గరగర లేదు. రేడియోలో వార్తలు చదివే మనిషిలా గబగబా చెప్పుకుంటూ పోతోంది. పదకొండు నిమిషాలు ఉండాల్సిన రికార్డింగు నాలుగున్నర నిమిషాల్లో అయిపోయింది. వేరేది తెరిచానేమోనని మళ్లీ మొదటి నుంచి విన్నాను. పొరపాటు నాది కాదు. తెర మీద ఊదారంగు డబ్బా ఒకటి మెరుస్తోంది: 'కొత్త సౌకర్యాలు వచ్చాయి! ఇకపై నిశ్శబ్దాలు వాటంతట అవే తొలగిపోతాయి. మీ సమయం ఆదా!' కింద నవ్వుతున్న ముఖం బొమ్మ. దాన్ని చూడగానే నాకు ఒళ్లు మండింది.

ఎందుకు మండిందో చెప్పాలంటే ముందు నా పని గురించి చెప్పాలి. షోలాపూర్ నీలం నగర్‌లోని మా ఇంట్లోనే కూర్చుని పుణెలోని ఒక చిన్న కంపెనీకి పనిచేస్తాను. వెబ్‌సైట్లు మామూలు మనుషులకు వాడుకోవడానికి వీలుగా ఉన్నాయో లేదో పరీక్షించే ఆన్‌లైన్ పనిముట్టు ఒకటి మా కంపెనీ తయారుచేసింది. ఎవరినైనా తెర ముందు కూర్చోబెట్టి, ఈ ఫారం నింపండి, ఈ దుప్పటి కొనండి అని ఒక పని అప్పజెబుతాం. వాళ్లు ఏం నొక్కుతున్నారో, బాణం గుర్తు ఎటు తిరుగుతోందో, పైకి ఏమంటున్నారో అంతా రికార్డవుతుంది. అది చూసి, విని, ఎవరు ఎక్కడ తడబడ్డారో, ఎందుకు తడబడ్డారో రిపోర్టు రాయడం నా ఉద్యోగం. ఈ పనిముట్టుకు రెండు మూడు నెలలకోసారి కొత్త సౌకర్యాలు వస్తుంటాయి. నిరుడు ముఖం చూసి సంతోషాన్ని కొలిచే మీటరు వచ్చింది. ఎండకు కళ్లు చిట్లించిన ప్రతివాడూ దానికి కోపిష్టివాడే. ఇప్పుడు ఈ నిశ్శబ్దాల కత్తెర. పాత రికార్డింగులను కూడా అది అడగకుండానే కత్తిరించేసింది.

అంబవ్వది మా పక్కిల్లు. రెండు ఇళ్లకూ గోడ ఒకటే. ఆమె అత్తమామలు సిరిసిల్ల వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. ఆమె బీడీలు చుట్టేది. తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. తెలుగును కూడబలుక్కుని చదివేది, మరాఠీని అంతకంటే కొంచెం వేగంగా. ఎవరితో మాట్లాడినా తిట్టినట్టే ఉండేది. నా చిన్నప్పుడు బీడీలకు కట్టే దారం తెమ్మని దుకాణానికి పంపేది, తెచ్చాక తిప్పి పంపేది. ఒకరోజు మూడుసార్లు తిప్పింది.

"ఎట్ల చూసి తెచ్చినవ్? ఇది గుంజితే తెగుతది. పో, బదిలించుకరా."

"దుకాణపాయన ఇదే ఇచ్చిండు అంబవ్వా."

"ఆయన ఇస్తడు. నీ కండ్లేం జేసినయ్?"

ఏడుపు ముఖంతో మళ్లీ వెళ్లేదాన్ని. చేసిన పనిని మెచ్చుకోవడం ఆమెకు తెలియదనీ, నామీద ప్రత్యేకంగా కక్ష ఉందనీ అనుకునేదాన్ని. మొదటిది నిజమే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మేనేజరు ఫోన్ చేసి, ఒక సంస్థ వెబ్‌సైటు పరీక్షకు అసలైన వాడుకరులు కావాలన్నాడు. కార్మికుల ఇళ్లలోని ఆడపిల్లలకు హాస్టల్‌లో సీటిచ్చే సంస్థ అది. దరఖాస్తు ఇకపై ఆన్‌లైన్‌లోనే. నాకు వెంటనే అంబవ్వ గుర్తొచ్చింది. ఆమె మనవరాలు కీర్తి పదో తరగతి పాసై ఉంది. ఆ పిల్లకు తల్లి లేదు, తండ్రి వేరే పెళ్లి చేసుకున్నాడు, పుట్టినప్పటి నుంచి అంబవ్వే పెంచింది. ఆ ఇద్దరున్న ఒక్క గదిలో తంబాకు ఘాటుకు పిల్ల పుస్తకం ముందు కూర్చుని దగ్గుతూ ఉండేది. పరీక్షా అవుతుంది, కీర్తి దరఖాస్తూ అవుతుంది అనుకున్నాను.

అంబవ్వ చేట ఒళ్లో పెట్టుకునే వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. చెయ్యి ఖాళీగా ఉంచడం ఆమెకు చేతకాదు.

"మాట్లాడుకుంట చెయ్యాలె అంబవ్వా. మనసుల ఏమనిపిస్తే అది బయటికి చెప్పు."

"మనసుల అనిపించిందంతా చెప్తే నీ కంపెనీ మూతపడ్తది."

అన్నట్టుగానే మొదలుపెట్టింది. అక్షరాలు చీమల్లా ఉన్నాయంది. పైన నవ్వుతున్న పిల్ల ఫోటో ఎవరిది, ఆ పిల్లకు సీటు వచ్చేసిందా అని అడిగింది. పేజీ కిందికి జరిపితేగానీ కనబడని బటన్ కోసం పైనే వెతికి వెతికి, "ఇంతేనా? అయిపాయెనా?" అంది. నాకు ఓపిక నశించి మౌస్ మీద చెయ్యి వేయబోతే, నా వేళ్ల మీద ఒక్కటి వేసింది.

"చెయ్యి తియ్యి! రేపు ఇంకో ఆడమనిషి తన ఇంట్ల కూసుంటది. ఆమె చెయ్యి గూడ పట్టుకోను పోతవా?"

నా శిక్షణలో సరిగ్గా ఇదే చెప్పారు, వాడుకరికి సాయం చేయకూడదని. చెప్పినవాళ్లెవరూ వేళ్ల మీద కొట్టలేదు గనుక నాకు ఎక్కలేదు.

చివరికి ఆమె ఒక గడి దగ్గర ఆగింది. సంరక్షకురాలి పేరు రాశాక వచ్చే గడి: భర్త పేరు. పక్కన ఎర్ర నక్షత్రం గుర్తు, అంటే నింపకపోతే ఫారం ముందుకు పోదు. అంబవ్వ భర్త భివండిలో పని దొరికిందని ముప్పై ఏళ్ల కిందట వెళ్లాడు. తిరిగి రాలేదు. అక్కడ ఇంకో సంసారం ఉందని మా గల్లీలో అందరికీ తెలుసు. ఆమె ముందు ఆయన పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఆమె మెడలో నల్లపూసలు అలాగే ఉండేవి.

బీడీ చుడుతున్న వేళ్లు ఆగిపోయాయి. మొదటిసారి ఆ చేతులు ఊరికే ఉండగా చూశాను. గల్లీ అవతల మరమగ్గాల చప్పుడు తప్ప గదిలో ఏమీ వినబడలేదు. రెండు నిమిషాలు దాటింది. నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. ఆ ఇబ్బంది భరించలేక, "ఏదో ఒకటి కొట్టు అంబవ్వా, ఎవరు చూస్తరు?" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "ఎవరు చూడకుంటే అడుగుడెందుకు?"

ఆమె ఇంకొంతసేపు తెర వైపు చూసింది. "పోరి సదువుకు ఆయన పేరెందుకో అడుగు వాళ్లను," అని చేట ఎత్తుకుని వెళ్లిపోయింది.

పనిముట్టు తన లెక్క తాను చెప్పింది: పని విఫలం, వాడుకరి నిష్క్రియం. నేను దానికి ఒక వాక్యం చేర్చాను: 'వాడుకరికి కంప్యూటర్ అలవాటు లేదు.' రిపోర్టు పంపేశాను. ఆ వాక్యాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు ఆమె గుమ్మంలో బీడీలు చుడుతూ నన్ను పిలిచింది. "ఏం రాసినవ్ నా గురించి?"

చదివి వినిపించాను. ఆమె వెంటనే తిట్టలేదు. చేట పక్కనున్న కట్టలోంచి ఒక ఆకు తీసి వెలుతురుకు అడ్డంగా పట్టింది. ఆకంతా చిల్లులు.

"గీ ఆకు సూడు. కార్ఖానల గిసొంటిదే ఇస్తరు. బీడీ కరాబైతే ఏమంటరు? అంబవ్వకు చెయ్యి తిరుగుతలేదంటరు. ఆకు సంగతి ఒక్కడన్న అంటడా? నువ్వు గూడ గదే రాసినవ్ గద బిడ్డా."

ఆ తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నా మా అమ్మతో, "మీ పోరిని జర పక్కకు జరగమను" అనేది. అంత మొండి మనిషి. తప్పు నాదని తెలిసి కూడా నాకు చిరాకుగానే ఉండేది.

ఐదో రోజు రిపోర్టు మళ్లీ రాశాను. తప్పు వాడుకరిది కాదు, ఆ గడిది అని రాశాను. మేనేజరు వీడియో కాల్‌లో తల అడ్డంగా ఊపాడు. "ఒక్కరి సమస్య స్వప్నా. పరీక్షకు కూర్చున్న మిగతా నలుగురూ నింపారు కదా."

"ఆ నలుగురికీ రాయడానికి ఒక పేరుంది సర్. లేనివాళ్లు ఏం చేయాలి? మీరు ఒక్కసారి ఆమె రికార్డింగు వినండి. ముందుకు జరపకుండా వినండి."

సంస్థ వాళ్లను కూడా కాల్‌లోకి పిలిచి అందరి ముందూ వినిపించాడు. ఆ రెండు నిమిషాలు వచ్చినప్పుడు ఎవరో 'ఆగిపోయిందా?' అన్నారు. 'లేదు, ఆమె ఆలోచిస్తోంది' అన్నాను. ఎవరో కుర్చీ సర్దుకున్నారు. తర్వాత అంబవ్వ మాట, 'ఎవరు చూడకుంటే అడుగుడెందుకు.' అది తెలుగు తెలియని వాళ్ల కోసం నేను మరాఠీలో చెప్పాల్సి వచ్చింది. సంస్థ తరఫున వచ్చిన ఆమె, ఆ గడి పాత కాగితం ఫారంలో ఉండేదనీ, ఎందుకుందో తామెప్పుడూ ప్రశ్నించుకోలేదనీ ఒప్పుకుంది. వారం తిరిగేలోపు ఆ గడి తీసేశారు.

అంబవ్వ మళ్లీ వచ్చి కూర్చుని కీర్తి దరఖాస్తు తన చేత్తోనే నింపింది. గంటన్నర పట్టింది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్లకు సీటు వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి పరుగెత్తుకెళ్తే అంబవ్వ కళ్లు ఒక్క క్షణం మెరిశాయి. ఇప్పుడైనా ఒక మంచి మాట అంటుందని నిలబడ్డాను.

"అది సరే, ఆ బటన్ ఇంకా కిందనే ఉన్నదేంది?" అంది.

ఆ తర్వాత ఎన్ని వెబ్‌సైట్లు పరీక్షించినా ముందు ఆమెతోనే. నా రిపోర్టులో ఒక్క సాకు ఉన్నా పట్టుకునేది. రెండేళ్ల కిందటి వానాకాలంలో దగ్గు ముదిరింది. దవాఖానాకు తీసుకెళ్తే అక్కడ తెర నొక్కి చీటీ తీసుకునే మిషను ఉంది. ఎన్నిసార్లు నొక్కినా మొదటికే వచ్చేది. వెనక వరుస పెరిగిపోతోంది. గోడకు ఆనుకుని ఆయాసపడుతూ ఆమె అందరికీ వినబడేలా అంది: "దీన్ని ఎవరితోనన్న పరీక్ష చేపిచ్చిన్రా లేదా?" వరుసలోని వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు, నిజంగానే అడిగింది. ఆ నెల దాటకుండానే పోయింది. కీర్తి హాస్టల్ నుంచి వచ్చేసరికి ఊపిరి ఉంది, మాట లేదు.

అందుకే ఈ ఉదయం మేనేజరుకు ఫోన్ చేసి గట్టిగా అరిచాను. నేను అలా అరిచే మనిషిని కాదు.

"అసలు రికార్డింగు ఎక్కడుంది సర్?"

"చోటు మిగలడానికి పాతవి కుదించారు స్వప్నా. అసలువి ఉండవు. చూడు, క్లయింట్లు అందరూ అడిగిన సౌకర్యం ఇది. ఖాళీ సమయం ఎవరు వింటారు?"

"మీరు విన్నారు. ఆ రోజు."

అప్పుడతను నెమ్మదిగా, కత్తిరింపు ఆపే ఏర్పాటు ఉందని చెప్పాడు. ఎక్కడుందీ అంటే, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అధునాతనం అన్నది తెరిచి, దాని అడుగున చిన్న అక్షరాల్లో. అది కూడా ప్రతి పరీక్షకూ విడిగా పెట్టుకోవాలి. వాడకానికి సులువుగా ఉందో లేదో పరీక్షించే పనిముట్టులో ఆ ఒక్క మీటను వెతకడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. పోయిన రెండు నిమిషాలు ఎలాగూ పోయాయి. కీర్తికి ఆ రికార్డింగు ఎప్పుడో ఒకసారి ఇవ్వాలనుకుంటూ వాయిదా వేశాను. ఆ తప్పు మాత్రం ఏ పనిముట్టుదీ కాదు, నాది. సాయంత్రం ఆ పిల్లకు ఫోన్ చేసి చెప్పాలి. ఎలా చెప్పాలో ఇంకా తెలియడం లేదు.

ముందే అనుకున్న పరీక్ష ఒకటి మధ్యాహ్నం ఉంది. దానికి కత్తిరింపు ఆపే మీట నొక్కి పెట్టాను. మా ఊళ్లోనే కుమఠా నాకా నుంచి యాదగిరి మామ వచ్చాడు. నలభై ఏళ్లుగా మరమగ్గం మీద తువ్వాళ్లు నేసిన మనిషి. ఆరోగ్య పథకం ఒకదాని ఫారం. పేరు రాశాడు, వయసు రాశాడు, వృత్తి దగ్గర జాబితా తెరిచాడు. ఉద్యోగి, వ్యాపారి, రైతు, ఇతరులు. బాణం గుర్తు పై నుంచి కిందికి పోయింది, కింది నుంచి పైకి వచ్చింది. ఆగిపోయింది.

కాసేపటికి నా తెర మీద ఇంకో కొత్త డబ్బా లేచింది: 'వాడుకరి కదలడం లేదు. పరీక్ష ముగించమంటారా?' వద్దని నొక్కాను. మళ్లీ లేచింది. మళ్లీ వద్దన్నాను. మామ గడ్డం గోక్కున్నాడు, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నాకు నాలుక చివరి దాకా వచ్చింది, 'ఏదో ఒకటి కొట్టు మామా' అని. పళ్లు బిగబట్టి కూర్చున్నాను. మూడోసారి వద్దని నొక్కాక ఆయన నోరు తెరిచాడు.

"బిడ్డా, ఊరంతా నేసెటోళ్లమే ఉన్నం గద. నేను 'ఇతరులు'ల వస్తనా?"

అది జరిగిన నిమిషం, సెకను చూసి కాగితం మీద రాసుకున్నాను. రిపోర్టులో అన్నిటికంటే పైన ఆయన మాట పెట్టాను. దాని ముందు ఇలా రాశాను: మూడు నిమిషాల పది సెకన్లు మౌనం. దయచేసి పూర్తిగా వినండి.