ఆ చుక్క ఎవరిది?

ఆమెకు పెట్టిన పేరు ఒకటుంది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. పాత కాగితాల మిల్లులో అందరికీ ఆమె నురగమ్మ. అక్కడ రాసి పారేసిన కాగితాలను నానబెట్టి, గుజ్జు చేసి, సబ్బు కలిపి, అడుగు నుంచి గాలి ఊదుతారు. సిరా బుడగలకు అంటుకుని నల్లటి నురగై పైకి తేలుతుంది. ఆ నురగను తీసేయడం ఆమె పని. "మురికి మునగదమ్మా, నెత్తికెక్కుతుంది, కొందరు మనుషుల్లాగే," అంటుంది మేస్త్రి వైపు ఓరగా చూస్తూ.

కాకిపిల్ల కాకికి ముద్దు. మనవరాలి నోటుపుస్తకాలన్నీ తన మిల్లు కాగితంతోనే కుట్టి ఇచ్చేది. ఒకరోజు ఆ పిల్ల మూతి ముడుచుకుని బడి నుంచి వచ్చింది.

"నాయనమ్మా, నేను నూట ఇరవై అయిదు అని రాశాను. నీ కాగితంలో మచ్చ పోయి పోయి రెండుకీ అయిదుకీ మధ్యే కూర్చుంది. టీచరుగారు పన్నెండున్నర అనుకుని తప్పు పెట్టేశారు. ఇంక నాకు కొట్లో పుస్తకమే కావాలి."

నురగమ్మకు తల కొట్టేసినట్టయింది. ఊరందరూ వద్దన్నా ఫరవాలేదు, ఈ పిల్ల వద్దంటే ఎలా?

మర్నాడు సబ్బు రెండింతలు పోసింది. నురగ పొంగి, తొట్టి గట్టు దాటి, మేస్త్రి విప్పిన చెప్పులను తలుపు దాకా సాగనంపింది. "ఇది కాగితం మిల్లా, బట్టలుతికే రేవా?" అని అరుస్తూ ఆయన చెప్పుల వెంట పరుగెత్తాడు. ఇంతా చేస్తే కాగితం తెల్లబడింది గానీ, మచ్చలు మరీ కొట్టొచ్చినట్టు కనిపించాయి.

ఒళ్లు మండి ఒక మచ్చను గోటితో గీకింది. అది రాలలేదు, సాగింది. సాగి వేలికి అంటుకుంది. ఆ వేలు అలాగే పట్టుకుని వదిన దగ్గరకు వెళ్లింది. వదిన అంటే భర్త అక్క. కాగితాలు ఏరే బల్ల దగ్గర ఆమెదే రాజ్యం.

వదిన నలిపి చూసి నవ్వింది. "ఇది సిరా కాదు, కవర్ల మూతలకు రాసే బంక. సబ్బుకి లొంగదు. ముక్కలై గుజ్జంతా తిరుగుతూ మురికి అంటించుకుంటుంది."

"మరి ఆ కవర్లు ఎందుకు వేస్తున్నావు వదినా?"

"నేనా? నేను పక్కన పడేస్తుంటే, 'మల్లెపువ్వుల్లా ఉన్నాయి, పారేస్తావేంటి' అని బుట్టెత్తి గుమ్మరించిందెవరు?"

తెలుపు కోసం తనే తెచ్చి పోసిన మురికి! నురగమ్మకు ముందు సిగ్గేసింది, వెంటనే నవ్వొచ్చింది. ఆ వారమంతా తన పని అయ్యాక వదిన పక్కన కూర్చుని కవర్ల మూతలు చింపింది. వదిన దెప్పుతూనే ఉంది, మరదలు పడుతూనే ఉంది.

ఆ గుజ్జుతో వచ్చిన కాగితాన్ని పుస్తకంగా కుట్టి మనవరాలి ముందు పెట్టింది.

"ఈ ఒక్కదాంట్లో రాయి తల్లీ. మచ్చ కనిపిస్తే ఇంక నిన్ను అడగను."

పిల్ల లెక్కలు మొదలుపెట్టింది. నురగమ్మ కళ్లజోడు తుడుచుకుని వెనకే నిలబడింది. మొదటి పేజీ శుభ్రం. రెండోదీ శుభ్రమే. మూడో పేజీలో, రెండుకీ అయిదుకీ మధ్య, మళ్లీ అదే చుక్క! ఉసూరుమంటూ వంగి గోటితో గీకబోయింది.

పిల్ల చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యో నాయనమ్మా, గీకకు! ఈసారి జవాబు నిజంగానే పన్నెండున్నర. ఆ చుక్క నేను పెట్టింది."