మేనత్త కలిపిన వరుస

నానిన బొరుగులు తాలింపులో పడగానే లేచే ఘుమఘుమకు నాకు ఇప్పటికీ ఎస్తేరత్తే గుర్తొస్తుంది. ఈ ఉదయం ఉగ్గాని చేస్తున్నది నాతో కాపురముంటున్న కల్పన. "ఆమె చేతి రుచి రాదులే" అని తనే ముందుగా ఒప్పుకుంది.

నాన్న కెన్యా నుంచి కర్నూలుకు చదువుకోవడానికి వచ్చి, అమ్మను పెళ్లాడి ఇక్కడే ఉండిపోయాడు. మా వైపు మనిషిని పేరు కన్నా ముందు వరుస అడుగుతారు. నలుపు మాకు కొత్తేమీ కాదు గానీ, దువ్వెన దిగని నా జుట్టు చూసి "ఎవరి పిల్లవే?" అనేవాళ్లు. నాన్నకు ఇక్కడ తోడబుట్టినవాళ్లు లేరు కాబట్టి నాకు మేనత్త లేదు. ఆ లోటు పక్కింటి ఎస్తేరమ్మకు నచ్చలేదు. చర్చి గుమ్మంలో నాన్నను నిలేసి, "అన్నా, ఇంక నేను నీ చెల్లెల్ని. ఈ పిల్ల నా కోడలు" అని తేల్చేసింది. నాన్నకు అప్పటికి వచ్చిన తెలుగు అంతంతమాత్రం. "సరే అప్పా" అన్నాడు. మగవాళ్లను పిలిచే అప్పా ఆడమనిషిని అన్నందుకు ఆమె ఏళ్ల తరబడి నవ్వింది. ఆ తర్వాత నా గురించి ఎవరైనా ఆరా తీస్తే, "మా అన్న కూతురు. ముక్కు నా మాదిరే ఉండాది, సూడు" అనేది.

కల్పన సంగతి ఆమెకు చెప్పడానికి చాలా భయపడ్డాను. అమ్మానాన్నలు ఎలాగో సర్దుకున్నారు. కానీ నోటి మాటతో కుదిరిన మేనత్త నోటి మాటతోనే పోవచ్చు కదా. ఆమె పెరట్లో బొరుగులు పిండుతుంటే చెప్పేశాను: "అత్తా, నేను కల్పనతోనే బతుకుతా. పెళ్లంటే నాకు అదే." ఆమె చేతులు ఆగిపోయాయి. నావైపు చూడకుండా వేళ్లు మడుస్తూ ఏదో గొణుక్కుంది. నా కోసం ప్రార్థన మొదలుపెట్టిందనుకున్నాను.

"ఏందత్తా, కోపమా?"

"ఉండే, లెక్క తప్పుతాది! నువ్వు నాకు కోడలు. కోడల్ని చేసుకునేటోడు కొడుకు వరస. ఈడ మగోడు కాకపాయె..." చప్పున తలెత్తింది. "అయితే కూతురే గదా! నాకు ఆడపిల్లలు ల్యాకపాయె, శానా బాగుండాది. యాడుండాది ఆ పిల్ల? తిన్నాదా?"

ఏడుస్తూనే నవ్వాను.

అందరూ ఆమెలా లెక్క వేయలేదు. చర్చిలో మా పక్కన చాప ఖాళీగా ఉండిపోయిన ఆదివారాలున్నాయి. మోకాళ్ల నొప్పులతోనే వచ్చి అత్త అక్కడ కూర్చునేది.

నిరుడు ఆమెను మట్టి చేసేటప్పుడు, పిడికిట మన్నుతో నిలబడ్డ కల్పనను బంధువొకాయన "నువ్వేమైతావమ్మా?" అని అడిగాడు. "కూతుర్ని" అంది కల్పన, తడుముకోకుండా. ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు.

ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్ల పాప పొద్దున్నే వచ్చి, నా జుట్టు తాకి చూసి, నన్నేమని పిలవాలని అడిగింది. అత్తా అనమన్నాను. ఉగ్గాని దించుతున్న కల్పనతో, కోడలికి కూడా ప్లేటు పెట్టమని చెప్పాను.