జెర్రిపోతు తరపున ఒక్క దెబ్బ

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లి లేదు, కుక్క లేదు, జెర్రిపోతు ఉండేది. ఈ మాట చెబితే మా మనవరాలు నమ్మదు. మొన్న ఫోనులో ఎవరో గాజుపెట్టెలో పామును పెంచుకుంటూ, అది కుబుసం విడుస్తుంటే నీళ్లు చిలకరించడం చూపించి, ఎంత వింతో చూడు నాయనమ్మా అంది. వింతేముందే, ఆ పని నేను గౌను వేసుకునే రోజుల్లోనే చేశాను అన్నాను. అంటుండగానే వెనకింటి బాబాయి మొహం గుర్తొచ్చి పళ్లు పటపటా కొరికాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా కోపం మాత్రం పోలేదు. ఆయన అని అంటున్నానంటే వరసకి బాబాయి గనక.

మాది పొదిలి దగ్గర పల్లె. తీసిన పత్తిని అమ్మేదాకా వెనక గదిలో పోసి ఉంచేవాళ్లం. గింజల కోసం ఎలుకలు వచ్చాయి, ఎలుకల కోసం జెర్రిపోతు వచ్చింది. మేం తెచ్చుకోలేదు, అదే వచ్చింది. మా నాయనమ్మ పొమ్మనలేదు, అంతే. మనిషి కంటే పొడుగు. విషం లేదు. అలికిడైతే తనే తప్పుకునేది. నాయనమ్మ దాన్ని మావాడు అనేది. మావాడు పొద్దుటి నుంచి కనపడలేదు, చూసిరావే అని నన్ను పంపేది.

కుబుసం విడిచే ముందు దాని ఒళ్లు మసకబారేది. కళ్ల మీద పాలపొర కమ్మేది. ఇక దానికి ఏమీ కనపడదు. ఎలుక పక్కనుంచి పోయినా కదలదు. ఆ రోజుల్లో నాయనమ్మ గదిలోకి ఎవరినీ రానిచ్చేది కాదు. గోనెసంచి తడిపి మూల పరిచి, వెడల్పాటి మూకుడులో నీళ్లు పెట్టి, మూతి రాసుకోవడానికి గరుకు రాయి ఒకటి, కాసిని పత్తికట్టెలు పడేసేది. సంచి ఆరిపోకుండా చూడటం నా పని. ఊడిన తోలు కొస వేలాడుతుంటే లాగబోయినందుకు నా చేతి మీద ఒక్కటి వేసింది. అది దాని పని, నువ్వు తొందరపెట్టకు అంది. విడిచిన కుబుసాన్ని మాత్రం చిరగకుండా తీసి ఇంట్లో గూట్లో పెట్టేది.

వెనకింటి బాబాయి ఊళ్లో తనంత ధైర్యవంతుడు లేడని చెప్పుకునేవాడు. ఒకసారి కల్లంలో మా జెర్రిపోతు ఆయన కాళ్ల పక్కనుంచి సర్రున పోయింది. అంత మనిషీ కెవ్వుమని ఎడ్లబండి ఎక్కి కూర్చున్నాడు. మిరపకాయల్లో తాలుకాయలు ఏరే ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు ఆయన మర్చిపోలేదు.

అది మళ్లీ కుబుసానికి వచ్చినప్పుడు, నేను బడిలో, నాయనమ్మ చేలో ఉన్న పూట, సంచి కావాలన్న వంకతో మా ఇంట్లోకి వచ్చాడు. తడి సంచి మీద చూపు లేక పడి ఉన్నదాన్ని గడకర్రతో చావబాదాడు. నేను వచ్చేసరికి దాన్ని ఆ కర్రకే వేలాడేసి వీధులన్నీ తిప్పుతున్నాడు. తాచుపామట. మా ఇంటిల్లిపాదినీ కాపాడాడట. తల దగ్గర తోలు సగం ఊడి ఉంది, కళ్ల మీద పొర అలాగే ఉంది. ఊరంతా ఆయన్ని మెచ్చుకుంది. మా నాన్న కూడా పోనీలేమ్మా, పామేగా అన్నాడు.

నేను అన్నం ముట్టలేదు. బాబాయి తాగే నీళ్ల కుండలో కారం కలిపి వస్తానన్నాను. నాయనమ్మ దాన్ని దొడ్లో పాతిపెట్టి చేతులు కడుక్కుని, ఆగవే అంది. ఎందుకు ఆగాలో చెప్పలేదు. ఆయన మీద ఎంత మండిందో ఆమె మీదా అంతే మండింది నాకు.

మిరపకాయలు ఎండి, సంచుల్లో తొక్కే రోజులొచ్చాయి. మా కల్లం, వాళ్ల కల్లం పక్కపక్కనే, మా దొడ్డి వెనకే. బాబాయి మూతికి తువ్వాలు కట్టుకుని, సంచిలో దిగి కాయలు తొక్కుతున్నాడు. చెమట కళ్లలోకి కారుతుంటే అదే తువ్వాలు విప్పి తుడుచుకున్నాడు. పొద్దుటి నుంచి కారపు దుమ్ము పట్టిన తువ్వాలది. అంతే, గావుకేక పెట్టి సంచితో సహా కింద పడ్డాడు. మగవాళ్లంతా సంచులు ఎక్కించడానికి లారీ దగ్గరికి పోయారు. ఉన్నది కాయలేరే ఆడవాళ్లు, నాయనమ్మ, నేను.

ఆ గడకర్ర వాళ్ల కల్లం పాకకి ఆనించి ఉంది. అది నా చేతిలోకి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఆయన కళ్లు మూసుకుని నేల తడుముకుంటూ నీళ్లు, నీళ్లు అంటున్నాడు. నేను కర్ర ఎత్తాను. ఆడవాళ్లు చూశారు, ఒక్కరూ వద్దనలేదు. నాయనమ్మే వచ్చి నా రెక్క పట్టుకుంది.

"ఇప్పుడు కాదే. వాడికి కనపడట్లేదు."

అని, గూట్లో ఉన్నది పట్రమ్మంది. నాకు అర్థమైంది. ఎగిరి గంతేసి పరిగెత్తాను.

నేను తిరిగొచ్చేసరికి నాయనమ్మ బిందెడు నీళ్లతో ఆయన కళ్లు కడిగి, పాలలో తడిపిన గుడ్డ కట్టింది. నేను విప్పేదాకా కదలొద్దు అంటే బుద్ధిగా కూర్చున్నాడు. అప్పుడు కుబుసాన్ని ఆయన ఒళ్లో పెట్టి, ఆయన చెయ్యి తీసి దాని మీద వేసింది. అది ఉల్లిపొరలా గరగరలాడింది. ఆయన వేళ్లు పొలుసులు తడిమి ఆగిపోయాయి. ఏంటిది పెద్దమ్మా అన్నాడు.

"కదలకురా. చూపు లేకపోతే ఎట్లా ఉంటుందో తెలిసిందా? నీ కళ్లు కడగడానికి నేనున్నాను. దానికీ నేనున్నాను. ఆ పూట నేను లేనని చూసుకుని వచ్చావు నువ్వు."

ఆడవాళ్లు కాయలు ఏరడం ఆపేశారు. బాబాయి, అది తాచు కాదని తెలుసనీ, దానికి కళ్లు కనపడవనీ తెలుసనీ, అందరూ నవ్వారని చంపాననీ అందరూ వినేట్టు ఒప్పుకున్నాడు. గుడ్డ కింద నుంచి కారుతున్నది పాలో కన్నీళ్లో నేను పట్టించుకోలేదు. నాకు హాయిగా ఉంది. మంట తగ్గేదాకా నాయనమ్మ ఆయన్ని అట్లాగే, ఒళ్లో కుబుసంతో కూర్చోబెట్టింది.

తర్వాత గుడ్డ విప్పింది. ఆ ఎర్రటి కళ్లకి మొట్టమొదట కనపడింది నేను, నా చేతిలో మళ్లీ ఆ కర్ర. నాయనమ్మ నా వైపు తిరిగి, ఇప్పుడు కనపడుతోంది వాడికి, ఇక నీ ఇష్టం అంది.

పిక్క మీద ఒక్కటిచ్చాను, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి. ఆయన కాలు తీసుకోలేదు, నన్ను తిట్టలేదు.

మా నాయనమ్మ నాకు జాలి నేర్పిందని అనుకునేరు. జాలి కాదు. ఇంతవరకూ నేను ఎవరినీ ఊరికే మన్నించలేదు. కాకపోతే నాకు పడనివాళ్లు మంచాన పడితే ముందు వెళ్లి గంజి కాచి పోశాను. వాళ్లు లేచి తిరిగాక, ఎదురుగా నిలబడి అడగాల్సింది అడిగాను.

నన్ను ఉన్న ఊళ్లోనే ఇచ్చారు, అయినా బాబాయితో మాట్లాడేదాన్ని కాదు. ముసలితనంలో బాబాయికి శుక్లాలు కమ్మి రెండు కళ్లూ కనపడకుండా పోయాయి. అరుగు మీద దిక్కులు తడుముకుంటుంటే నేనే చెయ్యి పట్టుకుని లోపల దిగబెట్టేదాన్ని, ఏం బాబాయ్, తిన్నావా అని పలకరించేదాన్ని. ఒంగోలు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు, చూపు బాగా వచ్చింది. ఆ మర్నాటి నుంచి మళ్లీ మాట్లాడటం మానేశాను.